ఫోటోలో లేని ముడి

ఒక పాత బస్సును కాపాడబోయి, ఆ బస్సు మీదే ఆశ పెట్టుకున్న ఒక ముసలాయన గుండె మీద కొట్టిన ఘనకార్యం నాది. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మదనపల్లెలో ఇప్పటికే సగం ఊరు నవ్వింది. మిగతా సగం ఆ పూట టమోటా మార్కెట్టులో వేలంపాటల దగ్గర ఇరుక్కుపోయింది కాబట్టి, వాళ్ల కోసం మళ్లీ మొదట్నుంచి చెబుతున్నాను. మధ్యలో నవ్వు ఆగిపోతే మాత్రం నన్ను తిట్టుకోకండి. చెప్పే నాకే ప్రతిసారీ ఒకచోట ఆగిపోతుంది.

అప్పటికి నాకు నలభై రెండేళ్లు. కళ్లజోడు వచ్చింది గానీ బుద్ధి ఇంకా రాలేదు. నాయన పోయాక ఆయన ఫోటో స్టూడియో నా నెత్తిన పడింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాక స్టూడియో మెట్లెక్కేది ఇద్దరే. పాస్‌పోర్టు ఫోటో కావలసినవాళ్లు ఒకరు, పోయినవాళ్ల ఫోటో పెద్దది చేయించి గోడకు తగిలించుకునేవాళ్లు ఇంకొకరు. రెండోరకం వాళ్లే ఎక్కువ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చచ్చిపోయినవాళ్ల మొహాల మీది మచ్చలు, గీతలు, ముడతలు కంప్యూటర్లో తుడుస్తూ కూర్చోవడం నా ఉద్యోగం. తుడిచి తుడిచి చివరికి తొంభై ఏళ్ల అవ్వ కూడా నిన్న మొన్న పెళ్లయిన పిల్లలా తేలేది. వాళ్లింట్లోవాళ్లు, "మా యవ్వేనా అప్పా ఇది?" అని అడిగేవాళ్లు. అది మెచ్చుకోలని నేను అనుకునేవాణ్ణి.

ఇలాంటి మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టాలి. నాకు బస్సు పిచ్చి పట్టింది.

నాయన ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక నలుపు తెలుపు ఫోటో దొరికింది. రెండో నంబరు టౌన్ బస్సు మొదటిసారి రోడ్డెక్కిన రోజున నాయన తీసింది. ముందు అద్దానికి చామంతి దండ, చక్రాల కింద నిమ్మకాయలు, పక్కన పగలడానికి సిద్ధంగా ఉన్న బూడిదగుమ్మడికాయ. తెరిచిన తలుపులోంచి డ్రైవరు సీటూ, స్టీరింగూ, వెనకాల కమ్మీ కూడా కనిపిస్తున్నాయి. బస్టాండు నుంచి నీరుగట్టువారిపల్లె దాకా ఆ బస్సులోనే నేను బడికి పోయాను. మగ్గాలవాళ్లు చీరల మూటలతో, రైతులు టమోటా గంపలతో, మేము పుస్తకాల సంచులతో, అందరం ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ పోయేవాళ్లం. తర్వాత షేరు ఆటోలు వచ్చాయి. రెండో నంబరు ఎప్పుడు ఆగిపోయిందో ఊళ్లో ఎవర్ని అడిగినా చెప్పలేకపోయారు. అన్నేళ్లు మోసిన బండి ఒకరోజు రాకపోతే, రాలేదేమని అడిగినవాడు ఒక్కడూ లేడు. ఆ మాట తలుచుకుంటే నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మూడో రోజు పొద్దున 'మదనపల్లె పాత టౌన్ బస్సుల సంరక్షణ, స్మారక సంఘం' పుట్టింది. అధ్యక్షుణ్ణి నేనే, కార్యదర్శినీ నేనే. సభ్యురాలు నా భార్య సుజాత, తనకు తెలియకుండా. రబ్బరు ముద్ర చేయించుకొచ్చి బల్ల మీద పెట్టాను.

సుజాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ముద్ర బాగుండాది. బస్సు యాడుండాది?"

"వెతకాల."

"ముందు బస్సు దొరికినాక సంఘం పెడతారు గానీ, ముద్ర కొట్టడానికి బస్సు వెతికేవాణ్ణి నిన్నే సూస్తాండా."

బస్సు దొరికింది లెండి. పుంగనూరు దగ్గర ఒక పల్లెలో అలాంటి బస్సు ఉందని పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన ఒకాయన చెప్పాడు. బండేసుకుని వెళ్లాను. ఇంజను లేదు. చక్రాలు సగం మట్టిలో దిగిపోయి ఉన్నాయి. పైన వరిగడ్డి కప్పి ఉంది. రేకు మీద వెలిసిపోయిన '2' అంకె చూడగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. డ్రైవరు సీటు పక్కనుంచి ఒక పుంగనూరు ఆవు తల బయటపెట్టి నన్ను పైకీ కిందికీ చూసింది. ఆ జాతి ఆవులు పొట్టివి కాబట్టి సరిపోయింది గానీ, వేరే ఆవైతే ఫుట్‌బోర్డు దగ్గరే ఆగిపోయేది.

ఆవు వెంకటమ్మది. బస్సూ ఆమెదే. మొగుడు బతికున్నప్పుడు పాత ఇనుం వ్యాపారి దగ్గర కొని తెచ్చి కొట్టంగా పెట్టాడట.

"అమ్మా, ఈ బస్సు నాకు కావాల," అన్నాను.

"యాడికి పోవాలప్పా?"

"పోవడానికి గాదమ్మా. కాపాడడానికి."

"మరి ఇన్నేండ్లు వానకు తడవకుండా గడ్డి కప్పినోళ్లు ఎవురు? నీ తాతా?"

"అట్ల గాదమ్మా. ఇది మన ఊరి చరిత్ర. సంపద."

"నా ఆవుగూడా సంపదే. నీ సంపదను తోలుకుపోతే నా సంపదను యాడ కట్టాల?"

సంఘం అక్కడికక్కడే అత్యవసర సమావేశం పెట్టుకుంది. చివరికి ఆమెకు రాతికూసాలు, అంటే రాతి స్తంభాలు, పాతి రేకుల కొట్టం ఒకటి కట్టించి ఇచ్చేట్టు ఒప్పందం కుదిరింది. ఆ కొట్టం మాత్రం చాలా బాగా కట్టించాను. ఈ కథ మొత్తంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

బస్సును తీసుకుపోయే రోజున లోపలికెక్కి తనిఖీ చేశాను. స్టీరింగు చూస్తే అసహ్యం వేసింది. ఎవరో దాని చుట్టూ సైకిలు ట్యూబు చుట్టి, దాని మీద కుర్చీలు అల్లడానికి వాడే పచ్చ ప్లాస్టిక్ వైరుతో అల్లారు. ఏవేవో చుట్లు, ఏవేవో ఉండలు. గేరు కడ్డీ కొసన చేత్తో చెక్కిన వేపకొయ్య గుండు. జేబులోంచి నాయన ఫోటో తీసి చూశాను. ఫోటోలో స్టీరింగు నల్లగా, నున్నగా మెరుస్తోంది.

"ఈ చెత్తంతా ఊడబీకి పారేయాల," అన్నాను.

"పారేస్తావా?" అంది వెంకటమ్మ. "అట్లయితే నాకియ్యప్పా. ఈ చక్రాన్ని కూసానికి తగిలిస్తే దూడను కట్టుకోవచ్చు. కడ్డీ భూమిలో దిగేస్తే ఆవుకు గూటం."

"తీసుకో తల్లీ, తీసుకో," అన్నాను, మాన్యం రాసిచ్చే మహారాజులాగా.

బస్సు మదనపల్లెలో మస్తాన్ షెడ్డుకు చేరింది. మస్తాన్ లారీలకు బాడీలు కట్టేవాడు. నాతోపాటు అదే బస్సులో బడికి పోయినవాడు. మూడు నెలలు అతని ప్రాణం తోడాను. మస్తాన్ ఏది పట్టుకుని అడిగినా నాది ఒకటే ప్రశ్న.

"ఫోటో అన్నా, ఈ కిటికీ కింద సొట్ట ఉండాది. సరిచేసేదా?"

"ఫోటోలో ఉందా?"

"లేదు."

"అట్లయితే కొట్టి సాపు చెయ్యి."

"డ్రైవరు ముందర ఒక మేకు ఉండాది. టిఫిను సంచి తగిలించేవాడనుకుంటా."

"ఫోటోలో ఉందా?"

"లేదన్నా."

"పీకెయ్."

ఒకరోజు మధ్యాహ్నం మస్తాన్ డ్రైవరు వెనకాల ఉండే నిలువు కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "అన్నా, దీని నిండా సన్న సన్న సొట్టలుండాయి. కండక్టరు రూపాయి బిళ్లతో కొట్టి కొట్టి పడినవి. చిన్నప్పుడు వీటిని లెక్కబెట్టుకుంటా పోతాంటిమి. గుర్తుండాదా?"

గుర్తుంది. ఒక్క క్షణం నాకూ లోపల ఏదో కదిలింది. కానీ అధ్యక్షుడిగా నన్ను నేను అదుపులో పెట్టుకున్నాను. "ఫోటోలో నున్నగా ఉందా లేదా?"

"నున్నగానే ఉండాది."

"కొత్త స్టీలు పైపు వెయ్యి. ఇట్లాంటి పనుల్లో మనసు పెట్టుకోకూడదు మస్తానూ."

మస్తాన్ పానా అందుకున్నాడు. పాత కమ్మీ ఇనుం కొట్టుకు పోయింది.

రంగు వేస్తుండగా తెలిసింది, రెండో నంబరును ఎక్కువ కాలం నడిపిన డ్రైవరు మునెప్ప ఇంకా బతికే ఉన్నాడని. కుప్పంలో కూతురింట్లో ఉంటున్నాడని. ఎగిరి గంతేశాను. ప్రారంభోత్సవం రోజున ఆయన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి ఫోటో తీస్తే సంఘం ఎక్కడికో పోతుంది. మర్నాడే కుప్పం బస్సెక్కాను.

మునెప్ప కూతురు గౌరి వరండాలో కుట్టుమిషను తొక్కుతోంది. ఆయన పక్కన మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఎటో చూస్తున్నాడు.

"పెద్దాయనా, మదనపల్లె నుంచి వచ్చినా. ఫోటో స్టూడియో రమణను. చిన్నప్పుడు నీ బస్సులోనే ఇస్కూలుకు పోతాంటి."

"యా బస్సప్పా?"

"రెండో నంబరు. అది దొరికింది. బాగు చేయిస్తాండా."

ఆయన లేచి నిలబడ్డాడు. నిలబడి, నా గొంతు వినిపించిన వైపు చెయ్యి చాచి, నా భుజానికి రెండు జానల అవతల గాలిని తడిమాడు. అప్పుడు అర్థమైంది. కంట్లో నీటికాసులు వచ్చి చూపు పోయి రెండేళ్లయిందని గౌరి చెప్పింది. వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియదట.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. ఆయనకు చూపు లేదని నాకు ఆ వరండాలోనే, నా చెవులతోనే తెలిసింది. తెలిసిన రెండో నిమిషంలో నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "నువ్వొచ్చి సూడాల పెద్దాయనా! ఆ రంగు సూస్తే కండ్లు చెదిరిపోతాయి!"

గౌరి మిషను ఆపి నన్ను చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది.

మునెప్ప మాత్రం నవ్వాడు. "రంగు ఎట్లన్నా ఉండనీలే అప్పా. నా మాట ఇను. ఈ ఇంట్లో యాడేముండాదో నాకు తెలవదు. మంచం అంటే గోడ తగలతాది, గోడ అంటే మిషను తగలతాది. నా బిడ్డ బాగానే సూసుకుంటాది, కాదనను. అయినా సొంత జాగాలో ఉండినట్టు లేదు. కండ్లు లేకున్నా నాకు తెలిసిన జాగా ఒకటే, ఆ సీటు. యా చెయ్యి యాడికి పోవాలో నా చేతులకే తెలుసు. పోయేలోపల ఒక్కతూరి ఆడ కూసోవాల. ఇంకేమీ అక్కరలేదు."

"కూసోబెడతా పెద్దాయనా. కొంచెం మొగం ఇట్ల వెలుతురు పక్కకు తిప్పు." నేను కెమెరా సర్దుకుంటున్నాను.

"ముడి ఉండాది గదా?"

"ఉండాది, ఉండాది. అన్నీ ఉండాయి."

"బండి అట్లనే ఉండాదా?"

"అచ్చం అట్లనే! ఒక్క సొట్ట కూడా లేదనుకో!"

"ఒక్క సొట్ట కూడా లేదా?" అన్నాడు మునెప్ప, కొంచెం అనుమానంగా.

తిరుగు ప్రయాణంలో పలమనేరు దాటాక, ముడి ఏమిటని ఒక్కసారి అనిపించింది. ఫోటో తీసి చూశాను. ఏ ముడీ లేదు. పాపం, పెద్దవయసు, మతిమరుపు అనుకుని ఫోటో జేబులో పెట్టుకుని నిద్రపోయాను. ఎవరి మతి పోయిందో మీకు ఇప్పటికే తెలిసిపోయింది. నాకు తెలియడానికి ఇంకో నెల పట్టింది.

ఆయుధపూజ రోజున ప్రారంభోత్సవం. స్టూడియో పక్కనున్న మా ఖాళీ జాగాలో షామియానా, మైకు, ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో నా మొహం గుమ్మటమంత ఉంది, బస్సు అగ్గిపెట్టెంత ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఇంజను లేని బస్సు వాటిని తొక్కదని చివర్లో గుర్తొచ్చి, మస్తాన్ సుత్తితో ఒక్కొక్క నిమ్మకాయనూ నలగ్గొట్టాడు. జనం అప్పటికే నవ్వడం మొదలుపెట్టారు.

మునెప్పను నేనూ సుజాతా కుప్పం వెళ్లి బాడుగ కారులో తీసుకొచ్చాం. పాత ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఒళ్లు తగ్గిపోయింది కదా, గౌరి ఇరుపక్కలా కుట్లు వేసి బిగించింది. కారు దిగి, బస్సు పక్కనే, రేకు మీద అరచెయ్యి ఆనించుకుంటూ నడిచాడు. మధ్యలో ఆగి ఒక కిటికీ కింద వెతికాడు. మళ్లీ నడిచాడు. మెట్టెక్కి సీట్లో కూర్చున్నాడు. మెత్తటి కొత్త సీటు. అందులో ఆయన కాస్త కుంగిపోయి, నడుము అటూ ఇటూ కదిపాడు.

చేతులు స్టీరింగు మీద వేశాడు. ఒక చుట్టు తడిమాడు. రెండో చుట్టు తడిమాడు. మూడో చుట్టు మెల్లగా, బొటనవేలు నొక్కి పట్టి, ఎక్కడో పోగొట్టుకున్నదాన్ని వెతికినట్టు తడిమాడు. ఎడమచెయ్యి గేరు మీదికి పోయింది. అక్కడ నున్నటి నల్ల ప్లాస్టిక్ గుండు తగిలి, వేడి గిన్నె తాకినట్టు వెనక్కి వచ్చింది.

"అప్పా, ఎనకాల కమ్మీ మీద బిళ్లతో కొట్టు," అన్నాడు.

కొట్టాను. కొత్త స్టీలు 'టింగ్' అంది. బడి గంటలాగా.

ఆయన తల అడ్డంగా ఆడించాడు. నేను మైకు పట్టుకుని ఆయన నోటి దగ్గర పెట్టాను. "ఇప్పుడు మన మునెప్పగారు ఇన్నేళ్ల తర్వాత తన బస్సులో కూర్చున్న సంతోషాన్ని మీతో పంచుకుంటారు!"

మునెప్ప నాకొక్కడికే వినపడాలని చాలా మెల్లగా అన్నాడు. నా పరువు పోకూడదని అంత మెల్లగా అన్నాడు. మైకు ఆ మాటను షామియానా దాటించి, రోడ్డు మీది టీ అంగడి దాకా చేర్చింది. "ఇది నా బండి గాదప్పా."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు రోషం వచ్చింది. మూడు నెలల కష్టం, ముద్ర, ఫ్లెక్సీ, అన్నీ ఒక్క మాటతో పోతుంటే ఎవరికి రాదు? జేబులోంచి ఫోటో తీసి ఆయన మొహం ముందు ఆడించాను. "నీదే పెద్దాయనా! కావాలంటే ఈ ఫోటో సూడు! నీ కండ్లతో నువ్వే సూడు!"

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

ఈసారి జనం నవ్విన నవ్వుకు షామియానా గుడ్డ ఎగిరింది. మునెప్ప నవ్వలేదు, కోప్పడలేదు. ఫోటో తీసుకుని, వేళ్లతో అంచులు తడిమి, "ఇది ఎప్పటిదప్పా?" అని అడిగాడు.

"బస్సు మొదటి దినానిది."

"ఆ దినం నేను లేనప్పా. అప్పుడు డ్రైవరు వేరే ఆయన. నేను ఎక్కింది మూడేండ్లకి." ఫోటో నా చేతిలో పెట్టి, నా చెయ్యి తట్టాడు. "బాగుండాది. కొత్తబండి మాదిరి ఉండాది. నువ్వు శానా కష్టపడినావు."

ఇక్కడే నా నవ్వు ఆగిపోయేది. ఆ మనిషి ఆ బస్సులో గడిపిన ఇరవై రెండేళ్లనూ నేను ఒక్కొక్కటిగా వెతికి, పట్టుకుని, తుడిచేశాను. ఆయన వేలు పెట్టిన చోటల్లా గరుకు కాగితంతో రుద్దించాను. చనిపోయినవాళ్ల మొహాల మీద చేసే పనే బతికున్నవాడి బస్సు మీద చేశాను. పైగా చూపు లేని మనిషికి కానుకగా ఏమిచ్చాను? రంగు! సిగ్గుతో చచ్చిపోయాను, అంతకన్నా ఇంకో మాట దొరకడం లేదు.

సాయంత్రం నాలుగింటికి ఆయన్ని తిరిగి కుప్పం తీసుకుపోతున్నాం. ఊరు దాటాక సుజాత అడిగింది. "పెద్దాయనా, ముడి అంటే ఏంది?"

"స్టీరింగు పైన వైరుతో కట్టినానమ్మా. ముడి సరిగ్గా నడిమధ్యలో బొటనేలికి తగిలితే ముందు చక్రాలు నేరుగా ఉండినట్టు. వానలో అద్దం కనపడకపోయినా, రోడ్డు కనపడకపోయినా, అది చెప్తాది."

సుజాత నా వైపు తిరిగింది. "ఆ స్టీరింగు ఏం చేసినావు?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"నిన్నే అడిగేది."

"దూడను కట్టుకోమని ఇచ్చేసినా," అన్నాను.

కారు నడిపేవాడు కూడా వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "కారును పుంగనూరు పల్లెకు తిప్పప్పా," అంది సుజాత. సంఘం పుట్టాక ఒక మంచి నిర్ణయం తీసుకున్న సభ్యురాలు ఆమే.

వెంకటమ్మ పాలు పితుకుతోంది. నేను కట్టించిన కొట్టంలో, రాతికూసానికి ఒక పెద్ద బోల్టుతో తగిలించి, పక్కకు వాలి ఉంది ఆ స్టీరింగు. పచ్చ వైరు, సైకిలు ట్యూబు, అంతా ఉన్నట్టే ఉంది. దానికి కట్టిన పలుపు కొసన పెయ్యదూడ నిలబడి ఉంది.

మునెప్ప చేతులు పట్టుకుని చక్రం మీద పెట్టాను. ఆయన వేళ్లు ఒక్కసారి బిగుసుకున్నాయి. తర్వాత ఎడమ వైపు కిందికి జారి ఆగాయి. బొటనవేలు ముడి మీద ఉంది. ఆయన మొహం వంక చూడలేక నేను ఆవును చూశాను.

"బండి వంకరగా నిలబెట్టినారే," అని, ముడి నడిమధ్యకు వచ్చేదాకా చక్రం గిర్రున తిప్పాడు. పలుపు చుట్టుకుని దూడ నాలుగు కాళ్లూ నిగడదన్ని మా మీదికి జారుకుంటూ వచ్చింది.

"ఓ సామీ! నా దూడ మెడ!" అని వెంకటమ్మ చెంబు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. పలుపు విప్పుకుని, రొప్పుతూ, "ఎవురప్పా ఈయప్ప?" అంది.

"నువ్వు ఆవును కట్టిన బస్సుకు డ్రైవరమ్మా," అంది సుజాత. "సూపు లేదు."

వెంకటమ్మ లోపలికిపోయి ముక్కాలిపీట తెచ్చి ఆయన వెనకాల వేసింది. మట్టిలో దిగేసి ఉన్న గేరు కడ్డీ నుంచి ఆవును విప్పి, కడ్డీ పెరికి, తెచ్చి ఆయన ఎడమచేతి పక్కన మళ్లీ దిగేసింది. వేపకొయ్య గుండు మీద పేడ అంటుకుని ఉంది. మునెప్ప అరచెయ్యి దాని మీద కూర్చుంది. ఆమె పాలచెంబు అందుకుని, కూసానికేసి రెండు దెబ్బలు కొట్టింది. "రైట్! రైట్! పోనీ సామీ!"

మునెప్ప పోనిచ్చాడు. బస్టాండు, గడియారం మలుపు, సంతగేటు, మగ్గాల వీధి, అన్నీ పేరుపేరునా పిలుస్తూ, గేరు మారుస్తూ, మలుపు దగ్గర ఒళ్లు వంచుతూ నడిపాడు. ఒకచోట ఆపి ఊరికే కూర్చున్నాడు. ఏమైందని అడిగితే, "ముసిలామె దిగతాండాది, గంప పెద్దది," అన్నాడు. సుజాత కొంగు నోట్లో కుక్కుకుని అవతలికి పోయింది. నేను ఒక ఫోటో తీశాను. ఆ రోజు నేను ఆయన్ని మొహం ఇటు తిప్పమని అడగలేదు.

నీరుగట్టువారిపల్లె చేరాక ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. నేను ముందుకు పోయి అన్నాను. "పెద్దాయనా, ఇప్పుడే ఇప్పుకొనిపోయి బస్సుకు బిగించేస్తా. ముడి నడిమధ్యలో పెట్టి బిగిస్తా. నా తప్పు సరిదిద్దుకుంటా."

"వద్దప్పా," అన్నాడు. "నీ బండిని దూరం నుంచి సూసి పోతారు. ఈడైతే దీన్ని దినమూ ఎవురో ఒకరు పట్టుకుంటారు. ఈడే ఉండనీ."

వెంకటమ్మ పలుపు తెచ్చి దూడను మళ్లీ దానికే కట్టింది. ఈసారి ముడికి తగలకుండా పక్కకు జరిపి కట్టింది.

సంఘం ఆ రోజే రద్దయింది. బస్సు మా ఖాళీ జాగాలోనే నిగనిగలాడుతూ ఉంది. ఎప్పుడైనా కుర్రకారు వచ్చి దాని ముందు సెల్ఫీలు తీసుకుని పోతారు, లోపలికి ఎక్కరు. మునెప్ప మరుసటి వేసవి దాటలేదు. మధ్యలో రెండుసార్లు గౌరి ఆయన్ని బస్సెక్కించి వెంకటమ్మ కొట్టానికి తీసుకొచ్చిందని తర్వాత తెలిసింది. నాకు చెప్పలేదు. చెప్పకపోవడమే న్యాయం.

ఆయన పోయిన పదో రోజున గౌరి స్టూడియోకు వచ్చింది. గోడకు తగిలించుకోడానికి ఫోటో పెద్దది చేసివ్వమంది. కుప్పం వరండాలో వెలుతురు సర్దుకుని తీసినవి పది ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, కొట్టంలో తీసినదాన్ని తెరిచాను. ఖాకీ చొక్కా, ముడతల మొహం, మోచేతి మీద పేడ మరక, వెనకాల దూడ మూతి.

గౌరి కన్నీళ్లు తుడుచుకుని కంప్యూటరు దగ్గరికి వంగింది. "ఇదే బాగుండాదన్నా. నాయన బొటనేలి కింద ఏదో మచ్చ ఉండాది సూడు. దాన్ని మాత్రం తీసెయ్యి."

"అది మచ్చ కాదమ్మా," అన్నాను. "ముడి."

అందుకని ఆ నిమిషాన, రద్దయిన సంఘపు రబ్బరు ముద్ర మీద చెయ్యి వేసి, సర్వజనుల ఎదుట ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఈ జన్మలో ఏ వస్తువునూ బాగు చేయను, ఏ మొహాన్నీ తుడవను, ఎవరి సొట్టనూ సాపు చేయను. పెళ్లిచూపుల ఫోటోకు వచ్చిన పిల్ల చెంప మీద మొటిమ ఉంటే మొటిమతోనే ఇస్తాను. దీనివల్ల మదనపల్లెలో పెళ్లీడు పిల్లలెవరూ ఇప్పుడు నా స్టూడియో వైపు రావడం లేదు. ఇంట్లో ఫ్యానుకు పట్టిన దుమ్ము తుడవమని సుజాత అడిగినప్పుడల్లా ఈ ఒట్టే గుర్తు చేస్తున్నాను. అదొక్కటీ ఆమె ఒప్పుకోవడం లేదు.